ఛార్జర్‌లో వదిలేసిన డ్రిల్ బ్యాటరీకి నిజంగా ఏమవుతుంది?

సంక్షిప్తంగా: కార్డ్‌లెస్ పనిముట్లలోని లిథియం బ్యాటరీ ఛార్జర్‌లో ఎక్కువసేపు ఉన్నంత మాత్రాన ఓవర్‌ఛార్జ్ కాదు, అంటే నిండే హద్దు దాటి ఛార్జ్ కాదు. దానికి తగిన ఛార్జర్ అయితే నిండగానే తనంతట తానే ఆపేస్తుంది. ఓవర్‌ఛార్జ్‌కు దారితీసేవి మూడు: సరిపడని ఛార్జర్, ప్యాక్ (పనిముట్టుకు తగిలించే బ్యాటరీ డబ్బా) లోపలి సెల్స్ (చిన్న చిన్న బ్యాటరీలు) మధ్య తేడా, పాడైన రక్షణ సర్క్యూట్. రోజుల తరబడి నిండుగా, వేడిలో ఉంచితే జరిగే నష్టం ఇంకో రకం: బ్యాటరీ తొందరగా ముసలిదవుతుంది. పాత నికెల్ కాడ్మియం బ్యాటరీలకు మాత్రం ఈ లెక్కలు వర్తించవు.

రాత్రి పని ముగించి, డ్రిల్ బ్యాటరీని ఛార్జర్‌లో పెట్టి, వర్క్‌షాప్ తలుపు వేసి వెళ్లిపోతారు. మళ్లీ ఆ తలుపు తీసేసరికి వారం గడిచిపోతుంది. ఛార్జర్ మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది, బ్యాటరీ అందులోనే ఉంటుంది. ఈ వారం రోజులూ అది ఛార్జ్ అవుతూనే ఉందా? పాడైందా? ప్రమాదం అంచుదాకా వెళ్లి వచ్చిందా?

ఈ ప్రశ్నకు రెండు జవాబులు వినిపిస్తుంటాయి. ఫుల్ కాగానే తీసేయాలి, లేకపోతే పేలుతుందని కొందరంటారు. ఇప్పటి ఛార్జర్లన్నీ తెలివైనవే, టెన్షన్ అక్కర్లేదని ఇంకొందరంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. అయితే ఆ మాటలు వేర్వేరు కాలాల నుంచి, వేర్వేరు బ్యాటరీల అనుభవం నుంచి వచ్చాయి. ఏ మాట ఏ బ్యాటరీకి వర్తిస్తుందో విడదీసి చూడకపోవడం వల్లే అయోమయం.

పాత సలహా ఎక్కడి నుంచి వచ్చింది

2000ల తొలి సంవత్సరాల దాకా కార్డ్‌లెస్ పనిముట్లంటే దాదాపుగా నికెల్ కాడ్మియం బ్యాటరీలే. ఒక్కో సెల్ 1.2 వోల్టులు, 18 వోల్టుల ప్యాక్‌లో 15 సెల్స్. ఈ సెల్ నిండిపోయాక కూడా కరెంటు ఎక్కిస్తే ఆ శక్తి దాచుకునే చోటు లేక లోపల ఆక్సిజన్ పుడుతుంది, ఆ ఆక్సిజన్ సెల్ అవతలి ధ్రువం దగ్గర మళ్లీ కలిసిపోతూ వేడి పుట్టిస్తుంది. కరెంటు కొద్దిగా ఉంటే సెల్ ఈ చక్రాన్ని చాలాకాలం తట్టుకుంటుంది. ఎక్కువైతే పీడనం పెరిగి, వెంట్ (పీడనం బయటికి పోయే రంధ్రం) తెరుచుకుని, లోపలి ద్రవం కొంచెం కొంచెంగా పోతుంది. కెపాసిటీ పడిపోతుంది.

ఆ కాలపు చౌక ఛార్జర్లలో ఉన్నదల్లా ఒక ట్రాన్స్‌ఫార్మర్, డయోడ్లు, ఒక లైటు. బ్యాటరీ నిండిందో లేదో వాటికి తెలియదు. ప్యాక్ సామర్థ్యంలో పదో వంతు కరెంటును 14 నుంచి 16 గంటల పాటు ఇవ్వాలి, తర్వాత మనిషే గుర్తుపెట్టుకుని తీయాలి. 'ఫుల్ కాగానే తీసేయ్' అన్న సలహా ఇక్కడే పుట్టింది, అప్పటికి అది అక్షరాలా సరైన సలహా.

కాస్త ఖరీదైన నికెల్ ఛార్జర్లు ఒక చిన్న సంకేతం కోసం కాచుకుని ఉండేవి. నికెల్ సెల్ నిండగానే దాని వోల్టేజి పైకి వెళ్లడం ఆగి కొద్దిగా కిందికి జారుతుంది, అదే సమయంలో వేడి వేగంగా పెరుగుతుంది. ఆ జారుడును పట్టుకుని ఛార్జర్ ఆగిపోతుంది. కానీ నిండిన ప్యాక్‌ను తీసి మళ్లీ పెడితే ఛార్జర్ మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఆ సంకేతం మళ్లీ కనిపించేదాకా కొంత ఓవర్‌ఛార్జ్ తప్పదు. టైమర్ మీద నడిచే ఛార్జర్లలో కొన్నింటికి కరెంటు పోయి వస్తే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. రాత్రి రెండుసార్లు కరెంటు పోతే, తెల్లారేసరికి బ్యాటరీ చేతికి కాలేంత వేడిగా ఉండటానికి కారణం ఇదే కావచ్చు.

యూరోపియన్ యూనియన్‌లో 2016 చివరి నుంచి కార్డ్‌లెస్ పనిముట్లకు కొత్తగా నికెల్ కాడ్మియం బ్యాటరీలు అమ్మడం ఆగిపోయింది. కారణం ఓవర్‌ఛార్జ్ కాదు, కాడ్మియం విషం. అయినా ఇళ్లలో పాత డ్రిల్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. కాబట్టి ముందుగా చేయాల్సిన పని ప్యాక్‌ను తిప్పి లేబుల్ చదవడం. నికెల్ అని ఉంటే గడియారం చూసి తీయాల్సిందే. లిథియం అని ఉంటే కథ పూర్తిగా మారిపోతుంది.

లిథియం ప్యాక్ నిండే తీరు

2005 నుంచి పెద్ద పనిముట్ల కంపెనీలు లిథియం అయాన్ ప్యాక్‌లను తేవడం మొదలుపెట్టాయి. ఈ సెల్ సగటు వోల్టేజి 3.6, నిండినప్పుడు 4.2. 18 వోల్టుల ప్యాక్‌లో ఐదు సెల్స్ వరుసగా ఉంటాయి: ఐదు 3.6లు 18, ఐదు 4.2లు 21. డబ్బా మీద '20 వోల్ట్ మ్యాక్స్' అని రాసి ఉన్న ప్యాక్‌లో కూడా ఇవే ఐదు సెల్స్. పేరు పెట్టే పద్ధతి వేరు, లోపలి సరుకు ఒకటే.

ఈ సెల్‌ను నింపడం బిందెలో నీళ్లు పట్టినట్టే ఉంటుంది. మొదట కుళాయి పూర్తిగా తిప్పుతారు. నీళ్లు అంచు దగ్గరికి వచ్చాక సన్నటి ధారగా చేసి, చివరికి కట్టేస్తారు. ఛార్జర్ కూడా మొదట ఒకే స్థాయి కరెంటు ఇస్తుంది. వోల్టేజి 21కి చేరగానే దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది. అప్పటి నుంచి ప్యాక్‌లోకి వెళ్లే కరెంటు దానంతట అదే తగ్గుతూ వస్తుంది. మొదటి కరెంటులో పదో వంతుకో, అంతకంటే తక్కువకో దిగాక ఛార్జర్ పూర్తిగా ఆపేస్తుంది. నికెల్ ఛార్జర్లలా కొద్దికొద్దిగా ఎక్కిస్తూ ఉండే పద్ధతి ఇక్కడ ఉండదు, ఉండకూడదు కూడా. నిండాక వచ్చే అదనపు శక్తిని వేడిగా మార్చుకుని తట్టుకునే చక్రం లిథియం సెల్‌లో లేదు.

అందుకే పచ్చ లైటు వెలిగిన తర్వాత వారం రోజులున్నా, సరైన ఛార్జర్ అయితే ప్యాక్‌లోకి కరెంటు ఎక్కిస్తూ కూర్చోదు. కొన్ని మోడళ్లు వోల్టేజి కాస్త తగ్గినప్పుడు మళ్లీ కొంచెం నింపి ఆపుతాయి, అంతే.

4.2 దాటితే

హద్దు ఇంత కచ్చితంగా ఎందుకు? ఛార్జ్ అవుతున్నప్పుడు లిథియం అయాన్లు పాజిటివ్ వైపు పదార్థంలోంచి బయటికి వచ్చి, అవతలి గ్రాఫైట్ పొరల్లోకి చేరతాయి. 4.2 వోల్టులు దాటాక కూడా లాగుతూ ఉంటే రెండు చోట్లా ఇబ్బంది మొదలవుతుంది. పాజిటివ్ వైపు ఉండాల్సినంత లిథియం మిగలక ఆ పదార్థపు అల్లిక సడలుతుంది, బాగా ముదిరితే ఆక్సిజన్ విడుదలవుతుంది. గ్రాఫైట్ వైపు చోటు చాలక లిథియం లోహంగా మారి పైన పూతలా పేరుకుంటుంది. ఆ పూత ముళ్లలా పెరిగి, మధ్యలో ఉన్న పలుచటి పొరను గుచ్చే ప్రమాదం ఉంది. సెల్ లోపలి ద్రవం (ఎలక్ట్రోలైట్) కూడా విరిగి గ్యాస్ పుడుతుంది.

చాలా గుండ్రటి సెల్స్ మూతలో ఒక చిన్న ఏర్పాటు ఉంటుంది: లోపలి పీడనం పెరిగితే అది ఉబ్బి కనెక్షన్ తెంపేస్తుంది. ఇంకా పెరిగితే వెంట్ తెరుచుకుంటుంది. ఇవన్నీ ఆఖరి కాపలాలు. అక్కడిదాకా వచ్చిందంటే అంతకుముందు ఉండాల్సిన కాపలాలన్నీ తప్పిపోయాయన్నమాట.

మొత్తం సరిపోయినా ఒక్క సెల్ దాటిపోవచ్చు

ఓవర్‌ఛార్జ్ గురించి మాట్లాడేటప్పుడు తక్కువగా చెప్పుకునే, నిజానికి ఎక్కువగా పట్టించుకోవాల్సిన విషయం ఇది. ఛార్జర్ సరైనదే, 21 వోల్టుల దగ్గరే ఆగింది. అయినా లోపల ఒక సెల్ ఓవర్‌ఛార్జ్ కావచ్చు.

లెక్క చూస్తే తెలుస్తుంది. ఐదు సెల్స్‌లో నాలుగు 4.15 దగ్గర ఉన్నాయనుకుందాం. నాలుగు కలిపితే 16.6. ఐదోది 4.40 దగ్గర ఉంటే మొత్తం సరిగ్గా 21.0. బయట నుంచి మల్టీమీటర్ (వోల్టేజి కొలిచే మీటర్) పెట్టినా, ఛార్జర్ చూసినా ప్యాక్ చక్కగా నిండినట్టే కనిపిస్తుంది. 4.40 దగ్గర ఆ సెల్ వెంటనే అంటుకోదు. కానీ ప్రతి ఛార్జింగ్‌లోనూ అదే సెల్ హద్దు దాటుతుంది, కాస్త కాస్త దెబ్బ తింటుంది, దెబ్బతిన్న కొద్దీ మిగతావాటితో తేడా పెరుగుతుంది.

ఈ తేడా ఎలా వస్తుంది? ఐదు సెల్స్ ఒకే ఫ్యాక్టరీవి అయినా, పక్కన పెట్టి ఉన్నప్పుడు అవి తమంతట తాము ఖాళీ అయ్యే వేగంలో చిన్న తేడాలుంటాయి. ప్యాక్ మధ్యలో ఉన్న సెల్స్‌కు గాలి తగలక ఎక్కువ వేడెక్కుతాయి, అంచున ఉన్నవి చల్లగా ఉంటాయి. నెలల తరబడి వాడకుండా పక్కన పడేసిన ప్యాక్‌లలో ఈ తేడా ఇంకా బాగా బయటపడుతుంది.

దీనికి మందు ప్యాక్ తయారీలోనే ఉంది. కొన్ని ప్యాక్‌లలో ప్రతి సెల్ వోల్టేజినీ విడిగా చూసే సర్క్యూట్ ఉంటుంది. ఏ ఒక్క సెల్ హద్దు దాటినా, సాధారణంగా 4.25 నుంచి 4.35 వోల్టుల మధ్య ఎక్కడో, ఛార్జింగ్ ఆపిస్తుంది. కొన్ని డిజైన్లు ఎక్కువ నిండిన సెల్ నుంచి కొంచెం తీసేసి అన్నింటినీ సమం చేస్తాయి. చౌక నకలు ప్యాక్‌లలో తరచూ కోత పడేది ఈ భాగం మీదే. బయటి ప్లాస్టిక్ ఒకేలా ఉంటుంది, స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, డ్రిల్ తిరుగుతుంది. లోపల మాత్రం మొత్తం వోల్టేజి తప్ప ఏదీ చూసే దిక్కుండదు.

సెల్స్ తేడా పడుతున్నాయని ఇంట్లో గుర్తించే దారి ఒకటుంది. ఛార్జింగ్ మామూలు కంటే చాలా త్వరగా 'ఫుల్' అయిపోతుంది, పనిలో కూడా అంతే త్వరగా డ్రిల్ ఆగిపోతుంది. ఎక్కువ నిండిన సెల్ ఛార్జింగ్‌ను ముందే ముగిస్తుంది, తక్కువ ఉన్న సెల్ వాడకాన్ని ముందే ముగిస్తుంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే ప్యాక్‌ను నమ్మడం తగ్గించుకోవాలి. కొన్ని సెల్స్ మాత్రమే మార్చి ఇంట్లో బాగుచేసిన ప్యాక్‌లకూ ఇదే సమస్య: కొత్త, పాత సెల్స్ కలిపితే తేడాను చేజేతులా కొనితెచ్చుకున్నట్టే.

సరిపోయే ప్లగ్, సరిపోని ఛార్జర్

ప్యాక్ మీద రెండు పెద్ద టెర్మినళ్ల మధ్య ఉండే సన్నటి పట్టీలు ఊరికే లేవు. వాటిలో ఒకటి లోపలి ఉష్ణోగ్రత సెన్సర్‌ది. మరొకటి ప్యాక్ రకాన్ని చెప్పేది కావచ్చు, 'ఇక ఆపు' అని ఛార్జర్‌కు సంకేతం పంపేది కావచ్చు. ఏ కంపెనీ ఏ పని ఛార్జర్‌కు అప్పగించిందో, ఏది ప్యాక్‌లో పెట్టిందో ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఒక కంపెనీ ప్యాక్‌లో పూర్తి రక్షణ ఉంటుంది. ఇంకో కంపెనీలో ప్యాక్ సమాచారం మాత్రమే ఇస్తుంది, ఆపాల్సింది ఛార్జరే. ఈ రెండో రకం ప్యాక్‌ను ఆ సంకేతాలు చదవని ఛార్జర్‌లో పెడితే కాపలా లేనట్టే. అడాప్టర్లతో ఒక బ్రాండ్ ప్యాక్‌ను ఇంకో బ్రాండ్ ఛార్జర్‌కు తగిలించడంలో అసలు ముప్పు ఇదే. వోల్టేజి సరిపోవడం సగం సంగతి మాత్రమే.

'21 వోల్టులు' అని రాసి ఉన్న సాదా అడాప్టర్లన్నీ ఒకటి కావు. కొన్నింటిలో నిజంగా కరెంటు తగ్గించి ఆపే సర్క్యూట్ ఉంటుంది. కొన్ని వోల్టేజి ఇస్తూనే ఉంటాయి, కరెంటు తగ్గినప్పుడు లైటు రంగు మాత్రం మారుస్తాయి. పచ్చ లైటు అంటే 'ఆపేశాను' అని కాకుండా 'కరెంటు తగ్గింది' అని మాత్రమే అర్థం కావచ్చు.

లిథియం పేరుతోనే ఇంకో రకం ఉంది: లిథియం ఐరన్ ఫాస్ఫేట్. దాని సెల్ 3.65 వోల్టుల దగ్గరే నిండుతుంది. సెల్స్ సంఖ్య ఒకటే కదా అని 4.2 లెక్కన తయారైన ఛార్జర్ తగిలిస్తే అది కచ్చితంగా ఓవర్‌ఛార్జే.

నిండుగా ఉండటం వేరు, ఎక్కువై పోవడం వేరు

ఇప్పుడు వారం రోజులు ఛార్జర్‌లో ఉన్న బ్యాటరీ సంగతి. అది ఓవర్‌ఛార్జ్ కాలేదు. కానీ వారం పాటు తన గరిష్ఠ వోల్టేజి దగ్గర కూర్చుంది. లిథియం సెల్‌లో నిండుగా ఉన్నప్పుడే పక్క రసాయన చర్యలు ఎక్కువ వేగంగా జరుగుతాయి, వేడి తోడైతే ఇంకా పెరుగుతాయి. ఒక్క వారానికి తేడా కనపడదు. ఎండకు కాలే రేకుల షెడ్డులో ఏడాదంతా ఇలాగే గడిస్తే మాత్రం కెపాసిటీ తగ్గుదల చేతికి తెలుస్తుంది. చల్లటి గదిలో సగం నిండిన ప్యాక్ అదే ఏడాదికి చాలా తక్కువ కోల్పోతుంది.

అందుకే వారాల తరబడి వాడని ప్యాక్‌ను 40 నుంచి 60 శాతం మధ్య ఉంచడం మంచిది. ప్యాక్ మీద నాలుగు లైట్లుంటే రెండు వెలిగితే చాలు. మల్టీమీటర్‌తో చూస్తే ఐదు సెల్స్ ప్యాక్ సుమారు 18.5 నుంచి 19 వోల్టులు. రేపే పని ఉంటే ఈ రాత్రి పూర్తిగా నింపడంలో తప్పేమీ లేదు. పనిముట్టు ఉన్నది వాడటానికే, బ్యాటరీని కాపాడుకుంటూ కూర్చోవడానికి కాదు.

వేడి చేసే పని

బరువైన పని చేసిన గ్రైండర్ నుంచి తీసిన ప్యాక్‌ను వెంటనే ఛార్జర్‌లో పెడితే చాలా ఛార్జర్లు మొదలుపెట్టవు. ఎరుపు, పసుపు లైట్లతో 'ఆగు' అంటాయి. ఉష్ణోగ్రత సెన్సర్ ఉన్నది అందుకే. ఆ సెన్సర్‌ను చదవని ఛార్జర్ ఆగదు.

చాలా తయారీదారుల సూచనల్లో ఛార్జింగ్‌కు సుమారు 5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ అనువైన పరిధిగా కనిపిస్తుంది. కింది హద్దుకు కారణం వేరే ఉంది. గడ్డకట్టే చలిలో లిథియం గ్రాఫైట్‌లోకి త్వరగా చొరబడలేదు, పైనే లోహంగా పేరుకుంటుంది. అంటే వోల్టేజి హద్దులోనే ఉన్నా ఓవర్‌ఛార్జ్ చేసే నష్టమే జరుగుతుంది.

ఫాస్ట్ ఛార్జర్ విషయంలో ప్యాక్ సైజు కూడా చూడాలి. ప్యాక్ ఎంత ఛార్జ్ పట్టగలదో ఆంపియర్ అవర్‌లలో చెబుతారు. 5 ఆంపియర్ అవర్ ప్యాక్‌లో సాధారణంగా రెండు వరుసల సెల్స్ ఉంటాయి. 4 ఆంపియర్లు ఇస్తే ఒక్కో వరుసకు 2 పడతాయి. అదే 4 ఆంపియర్లు ఒకే వరుస ఉన్న 2 ఆంపియర్ అవర్ చిన్న ప్యాక్‌లోకి వెళ్తే ఒక్కో సెల్ మీద భారం రెట్టింపు. మంచి ఛార్జర్ ప్యాక్‌ను గుర్తించి తగ్గిస్తుంది. ప్యాక్ వేడెక్కుతున్నట్టు అనిపిస్తే చిన్నదాన్ని నెమ్మది ఛార్జర్‌కు మార్చడం తేలికైన పరిష్కారం.

టైమర్ ప్లగ్ ఎంతవరకు పనికొస్తుంది

గోడ సాకెట్‌కు, ఛార్జర్‌కు మధ్య ఒక టైమర్ పెట్టుకోవడం చాలామంది చేసే పని. నికెల్ ఛార్జర్ అయితే ఇది అసలైన రక్షణ. లిథియం అయితే రెండో వరస రక్షణ: ఛార్జర్ పాడై ఆపడం మరిచినా, మనుషులు లేని గంటల్లో సరఫరా ఉండదు. అది చిన్న ప్రయోజనం కాదు.

లెక్క సులువు. 5 ఆంపియర్ అవర్ ప్యాక్, 2 ఆంపియర్ల ఛార్జర్ అంటే రెండున్నర గంటలు, చివర్లో నెమ్మదించే దశకు ఇంకో అరగంట నుంచి గంట. నాలుగు గంటలకు పెడితే సరిపోతుంది. రోజూ అదే సమయానికి తిరిగి ఆన్ అయ్యే టైమర్ కంటే, ఒకసారి ఆగితే మళ్లీ చేత్తో నొక్కేదాకా రాని రకం ఇక్కడ మేలు.

అయితే ఒక జాగ్రత్త. సరఫరా ఆగిన ఛార్జర్‌లో ప్యాక్‌ను నెలల పాటు వదిలేస్తే కొన్ని మోడళ్లలో ఛార్జర్ సర్క్యూటే దాన్ని కొద్దికొద్దిగా ఖాళీ చేస్తుంది. కాబట్టి టైమర్ ఉన్నా ప్యాక్‌ను బయటికి తీయాల్సిందే. ఇంకోటి, టైమర్ గడియారాన్ని మాత్రమే చూస్తుంది. సెల్ వోల్టేజి దానికి తెలియదు. సరిపడని ఛార్జర్‌ను టైమర్ సరిచేయలేదు.

చచ్చిన ప్యాక్‌కు ప్రాణం పోసే చిట్కా

వీడియోల్లో విపరీతంగా తిరిగే ఒక చిట్కా గురించి స్పష్టంగా చెప్పుకోవాలి. బాగా ఖాళీ అయి ఛార్జర్ తీసుకోని ప్యాక్‌కు, నిండిన ఇంకో ప్యాక్ నుంచి రెండు వైర్లు కలిపి కొన్ని నిమిషాలు 'ఊపిరి' పోయడం, తర్వాత ఛార్జర్‌లో పెట్టడం. చాలాసార్లు ఛార్జర్ ఒప్పుకుంటుంది కూడా. చూసేవారికి అది విజయంలా కనిపిస్తుంది.

ఛార్జర్ మొదట ఎందుకు ఒప్పుకోలేదో చూడాలి. బాగా లోతుగా ఖాళీ అయిన సెల్‌లో గ్రాఫైట్‌ను మోసే రాగి రేకు కరిగి, ఛార్జ్ చేసేటప్పుడు ఆ రాగి తిరిగి అక్కడా ఇక్కడా పేరుకుని లోపలే షార్ట్ అయ్యే అవకాశం ఉంది. ఛార్జర్ నిరాకరణ ఆ ప్రమాదానికి అడ్డుకట్ట. వైర్లతో కలిపినప్పుడు కరెంటుకు హద్దు లేదు, ఉష్ణోగ్రత చూసేవాళ్లు లేరు, ఏ సెల్ ఎక్కడుందో తెలియదు. తర్వాత జరిగే ప్రతి ఛార్జింగ్‌లోనూ ఆ తేడా కొనసాగుతుంది. ఒక ప్యాక్ ఖర్చు మిగులుతుందని చేసే ఈ పని ఇంటినే పణంగా పెట్టగలదు.

ఛార్జింగ్ చోటు

వర్క్‌షాప్‌లో రంపపు పొట్టు, ఇనుప రజను మామూలే. పొట్టు ఛార్జర్ గాలి రంధ్రాలను మూసేస్తుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది కూడా. రజను టెర్మినళ్ల మధ్య చేరితే షార్ట్. ఛార్జర్ గ్రైండింగ్ బల్లకు దూరంగా, టైల్ లేదా సిమెంటు పలక లాంటి కాలని ఉపరితలం మీద ఉండాలి. బయటికి వెళ్లే తలుపు పక్కన కాకుండా చూసుకోవాలి, నిప్పు పుడితే దారి మూసుకుపోకూడదు. పెయింట్, థిన్నర్ డబ్బాలు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. పైన ఒక పొగ అలారం ఉంటే ఛార్జింగ్ మొత్తానికీ అది అదనపు కన్ను.

పక్కన పెట్టాల్సిన ప్యాక్

గుండ్రటి సెల్స్ ఉన్న ప్యాక్ ఫోన్ బ్యాటరీలా ఉబ్బి కనిపించదు, స్టీలు గొట్టం ఉబ్బనివ్వదు. కాబట్టి ఉబ్బలేదు కదా అని ధీమా పడకూడదు. ముక్కుకు తియ్యటి సాల్వెంట్ వాసన తగలడం, నిండే దశ చివర్లో కూడా ప్యాక్ వేడెక్కుతూ పోవడం, నిండి గంట గడిచాక కూడా ఐదు సెల్స్ ప్యాక్ 21 వోల్టుల పైన నిలిచి ఉండటం, కింద పడి ప్లాస్టిక్ పగలడం, నీళ్లలో నానడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ ప్యాక్‌ను మళ్లీ ఛార్జింగ్ పెట్టకూడదు. వోల్టేజి ఎక్కువ చూపిస్తే ఛార్జర్‌ను కూడా అనుమానించాలి, దాన్ని ఇంకో మంచి ప్యాక్ మీద పరీక్షించకూడదు.

అలాంటి ప్యాక్‌ను టెర్మినళ్ల మీద ఇన్సులేషన్ టేపు చుట్టి, ఇంటి గోడకు దూరంగా, కాలే వస్తువులు లేని చోట ఉంచి, పాత బ్యాటరీలు తీసుకునే చోట అప్పగించాలి. మామూలు చెత్తబుట్టలో వేస్తే చెత్త బండిలో నలిగి అంటుకునేది అదే.